గొట్టం రెండో కొస

బరంపురం శివారు కాలనీల్లో పాత వరద ఏ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చిందో కొలవడం నా పని. లోపల ఒకరు నీటి గొట్టం కొసను గోడ మీది మరక దగ్గర పట్టుకుంటే, బయట నా కొసలో నీళ్లు అదే ఎత్తున నిలుస్తాయి. అక్కడ ఎర్రగీత గీస్తాను.

కొండబాబు ఇల్లు చేరేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. ముందు గది కిటికీలోంచి ఒక ముసలి గొంతు, "ఇటియ్యమ్మా, నాను అట్టుకుంతాను" అంది. కొస అందించాను. నీళ్లు పొర్లిపోకుండా నా కొసను ఎత్తుతూనే ఉన్నాను. చివరికి నా తలకు పైన నిలిచాయి.

"పిల్లల్ని మేడ మీద పడుకోమని సెప్పు," అంది గొంతు.

గీత గీస్తుండగా పెరటి వైపు నుంచి కొండబాబు సెల్ లైటుతో వచ్చాడు.

"మా కాడ ఆ వరద మోకాలు దాటనేదండి," అన్నాడు. "మా అమ్మ పోయినాక ఆ గదికి తాళమేసి ఏడాదయింది. లోపల ఎవులూ నేరు."

విన్నది చెప్పాను. అతను వెంటనే పెరటి వైపు నుంచి లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పిల్లలిద్దరినీ ఎత్తుకుని మేడ ఎక్కాడు. గొట్టం లాగితే రాలేదు. వదిలేసి వెళ్లిపోయాను.

రాత్రంతా వాన. తెల్లారేసరికి నీళ్లు ఎర్రగీతను తాకాయి.

వరద తగ్గాక మళ్లీ వెళ్లాను. కిటికీ కింద కొండబాబు కొబ్బరికాయ కొట్టి నిలబడి ఉన్నాడు. "పిల్లలు దక్కినారండి," అన్నాడు. గది తాళం మాత్రం తీయలేదు.

గొట్టం ఇంకా బిగుతుగానే ఉంది. ఆ పిల్లల తరఫున చేతులు జోడించి, "నీ రుణం తీరదు, అమ్మా" అన్నాను.

లోపలి పట్టు మెల్లగా సడలింది. బయటికి లాగిన కొస వెచ్చగా ఉంది.