ఎవరి చోట వాళ్ళు

"ఓనరమ్మ వస్తోంది!" మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే ఇల్లాలు కేకేసింది. "ఎవరి చోటికి వాళ్ళు పదండి!"

సామాన్లతో సహా అద్దెకు తీసుకున్న ఇల్లది. బట్ట బంగారమైపోయిన రోజులు. కొత్త చొక్కా తొడుక్కున్నవాణ్ణి వీధి వీధంతా ఆగి చూసేది. ఇల్లాలికేమో కుట్టుమిషనుంది, కత్తెరుంది, కళ్ళెదురుగా ఓనరమ్మగారి తెరలూ దుప్పట్లూ ఉన్నాయి. చేతులు ఊరుకుంటాయా? ఏడాది తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ ఒంటినిండా బట్టలొచ్చాయి. కిటికీలు మాత్రం బోసిపోయాయి.

"నా సామానులో గుడ్డముక్క తగ్గినా ఆ రోజే ఇల్లు ఖాళీ చెయ్యాలి" అని చేరిననాడే చెప్పింది ఓనరమ్మ. మరో ఇల్లు దొరికే ఆశ వీళ్ళకు లేదు.

మొగుడు పరుగున వెళ్ళి, చేతులు బార్లా చాచి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. అతని చొక్కా ఆ కిటికీ తెరే. మామగారి పైజమా, జుబ్బా పరుపుమీది దుప్పటి. ఆయన మూలుగుతూ పరుపుమీద బోర్లా పడుకున్నారు. బల్లగుడ్డ గౌనులో ఉన్న కూతురు బల్లమీదికి వాలి, లెక్కలు చేస్తున్నట్టు నటించింది. లోపలి గుమ్మం తెరను ఒంటికి తగిలించుకున్న ఇల్లాలు ఆ గుమ్మంలోనే పాతుకుపోయింది.

మండే ఎండలో ఓనరమ్మ శాలువా కప్పుకుని వచ్చింది. తిన్నగా ఎర్రపూల సోఫా దగ్గరికి నడిచి, కవరు లేని నడిమి సీటులో కూలబడింది. అప్పుడు తీసింది శాలువా. ఆ సీటు కవరు ఉతకడానికిచ్చానని, రేపో మాపో వస్తుందని వీళ్ళు దిగినప్పుడే అంది. ఇప్పటిదాకా రాలేదు. అడిగే మొహం ఇల్లాలికెక్కడిది? ఆమె చూపంతా కిటికీ మీదే ఉంది.

"కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా."

ఇల్లాలు కదల్లేదు. "ఏమండీ, మీరు తెండి."

"నేనా? గాలి పీల్చుకుంటున్నానే!"

"పాపా, నువ్వు తే."

"లెక్క మధ్యలో ఉన్నానమ్మా."

"పోనీ అందరూ వెళ్ళి తెండి" అంది ఓనరమ్మ, ఎందుకో ఆశగా.

ఎవరూ కదల్లేదు. కిటికీ తెర గట్టిగా తుమ్మింది. ఇల్లాలి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మిగతా గదులు చూస్తారా అండీ?" మర్యాదకి నోరు జారి, నాలిక్కరుచుకుంది.

"ఎందుకమ్మా, అన్నీ ఇక్కణ్ణుంచే కనబడుతున్నాయిగా. తెరలున్నాయి, దుప్పటుంది. సోఫా కూడా నిండుగా ఉంది కదూ?"

"ఉందండీ" అంది ఇల్లాలు, అటు చూడకుండానే.

పొద్దు వాలింది. ఓనరమ్మ లేవదు, వీళ్ళు కదలరు. మొగుడి చేతులు వణకసాగాయి. "ఒక్క నిమిషం ఓర్చుకోండి, మన బతుకంతా మీ భుజాల మీదే ఉంది" అని ఇల్లాలు కళ్ళతోనే బతిమాలింది.

లాభం లేకపోయింది. కిటికీ తెర కళ్ళు తిరిగి దబ్బున కింద పడింది.

"అయ్యో!" అంటూ ఓనరమ్మ గభాల్న లేచింది, ఆవిడతోపాటు ఏడాదిగా ఉతుకు నుంచి రాని ఎర్రపూల సోఫా కవరు కూడా, కాలరుతో, చేతులతో, గుండీలతో సహా లేచి నిలబడింది.