నోరు తెరువు

"నోరు తెరువు" అంది రేణుకమ్మ.

వీరేందర్ చుట్టూ చూశాడు. శంషాబాద్ దాటాక రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన బీరు తోట అది. బీరును అక్కడే పెద్ద పెద్ద డ్రమ్ముల్లో తయారుచేసి పోస్తారు. ఒక పక్క గోడ మీద పాత సినిమా వేస్తారు, ఇంకో పక్క స్టేజీ మీద కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని పాడతారు. ఆదివారం సాయంత్రం కావడంతో బల్లలన్నీ నిండిపోయాయి. అందరూ సినిమా వదిలేసి ఇటే చూస్తున్నారు.

"అమ్మా, ఇంటికి పోయినంక చూద్దువు తీ."

"ఇంటికి పోయేదాంక వాసన ఆగుతదా? తెరువు."

తెరిచాడు. పల్లీల వాసన వచ్చింది. వాసన దాచడానికే పల్లీలు తిన్నాడని రేణుకమ్మ తేల్చుకుంది.

ఆమె భయం ఆమెది. వీరేందర్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులను విమానం దాకా తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. డ్యూటీ ఎక్కే ముందు ప్రతిసారీ తాగలేదని తేలడానికి గొట్టంలో ఊదాలి. తేడా వస్తే ఉద్యోగం పోతుంది. ఈ రాత్రి వాడికి డ్యూటీ ఉంది. కొడుకు ఇక్కడున్నాడని పక్కింటి తారాబాయి చెప్పగానే రేణుకమ్మ కళ్ల ముందు అన్నీ వరసగా కదిలాయి. ఉద్యోగం పోయినట్టు, కుదిరిన సంబంధం తప్పిపోయినట్టు, కొడుకు గడ్డం పెంచుకుని కొత్తూరులో ఏదో ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నట్టు. ఉన్నపళంగా ఆటో ఎక్కేసింది. పొయ్యి ఆర్పిందో లేదో గుర్తులేదు కాబట్టి ఇప్పుడు ఇల్లు తగలబడుతున్నట్టు కూడా కనిపిస్తోంది.

"మరి ఇవి ఎవరియి?" బల్ల మీద చెక్క పళ్లెంలో నాలుగు చిన్న గ్లాసులున్నాయి. నాలుగింటివీ నాలుగు రంగులు.

"నా దోస్తు రాహుల్‌వి. రుచి చూసెటందుకు అన్ని రకాలు కొంచెం కొంచెం ఇస్తరు. వాడు పాట పాడనీకి పోయిండు. నాది గీ నిమ్మసోడా. నేను పాటలకు, సినిమాకు వచ్చిన, గంతే."

"దొరికినోళ్లంత గిట్లనే అంటరు."

వీరేందర్ చిన్నప్పుడు జ్వరం మందు కూడా ముందు తను చప్పరించి చూశాకే వాడికి పోసేది రేణుకమ్మ. ఆ అలవాటు చొప్పునే మొదటి గ్లాసు ఎత్తింది.

"థూ! కాకరకాయ రసం." అయినా మొత్తం తాగింది. రెండోదాంట్లో నారింజ తొక్క వాసన ఉందని చెప్పింది. మూడోది తెల్లగా మబ్బుమబ్బుగా ఉంది. ఒక గుక్క తాగగానే ఆమె ముఖం విప్పారింది.

"ఓరి, గిది కల్లే కదరా!"

బోనాలకూ పెళ్లిళ్లకూ కల్లు లేని ఇల్లు ఆమె చూడలేదు. కల్లును మందు కింద ఏనాడూ లెక్కవేయలేదు.

"అమ్మా, ఇగ చాలు."

"ఇడిచిపెడితే నువ్వు తాగుతవ్. పారబోస్తే పైసలు దండుగ."

కొడుకు కంచంలో మిగిలింది ఎప్పుడూ ఆమె కడుపులోకే పోయేది. కాఫీ రంగులో ఉన్న నాలుగో గ్లాసూ అలాగే పోయింది.

గోడ మీద సినిమాలో ఒక తల్లి కొడుకుని అనుమానించి ఇంట్లోంచి గెంటేసింది. రేణుకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "బంగారమసొంటి పిలగాడు. ఏం తల్లిరా ఇది! జర సుత నమ్మకం ఉండొద్దా?"

వీరేందర్ తన నిమ్మసోడాను ఆమె చేతికి అందకుండా పక్కకు జరిపాడు.

స్టేజీ మీద పాట అయిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రేణుకమ్మే. రాహుల్ స్టేజీ దిగి వచ్చాడు.

"నమస్కారమండీ ఆంటీ, బాగున్నారా?" అని పళ్లెం వైపు చూశాడు. "నా గ్లాసులేవిరా?"

"అమ్మ పరీక్ష చేసింది."

"మంచిగ పాడినవ్ బిడ్డా" అని రాహుల్‌తో అని, కొడుకు వైపు తిరిగింది. "గాని నీ దోస్తానా మంచిగ లేదురా. ఇంట్ల చెప్తే ఇంటలేవు. తాళం ఇయ్యి. నీ స్కూటీ నేను నడుపుత."

"నువ్వా? అమ్మా, నేను తాగలే. నువ్వు తాగినవ్."

"నేనేడ తాగిన? గది కల్లు. నువ్వు తాగింది బీరు. పోలీసోళ్లు పడితే నీ నౌకరి ఉంటదా?"

తాళం లాక్కుంది. కొడుకు వద్దు వద్దంటుండగానే బండి స్టార్ట్ చేసింది. వాడు గబుక్కున వెనక ఎక్కి, రెండు కాళ్లూ నేలకు ఆనిస్తూ కూర్చున్నాడు. గేటు దాటి మలుపు తిరిగారో లేదో పోలీసులు ఆపారు.

"చూసినవా?" అంది రేణుకమ్మ వెనక్కి తిరిగి. "నేను రాకపోతే ఏమవుతుండె?"

కానిస్టేబుల్ గొట్టం ఆమె ముందుకు చాపాడు. "ఊదమ్మా."

"నేనెందుకు సారూ? గానితోని ఊదిపియ్యి."

"నడిపేటోళ్లు ఊదాలె."

కట్టెల పొయ్యి ఊదిన అనుభవమంతా చూపించింది. యంత్రం కుయ్యిమంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ కుయ్యిమంది.

"మీ మిషన్ కరాబైంది. కావాల్నంటే గాన్ని ఊదమను!"

వీరేందర్ ఊదాడు. సున్నా వచ్చింది. రేణుకమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసిండ్రా సారూ, నా కొడుకు బంగారం!" అని అంతలోనే నాలుక కరుచుకుంది. మిషన్ బాగానే ఉంది.

"బండి గీడనే ఉంటదమ్మా. కేసు రాస్తున్నం. కౌన్సెలింగ్‌కు రావాలె, ఒక్కదానివి కాదు. ఇంట్ల మనిషిని ఎంట తీస్కరావాలె."

"మా ఆయనకు చెప్పకుండ్రి సారూ, మీ కాల్మొక్త."

వీరేందర్ తల్లి భుజం మీద చెయ్యి వేసి ముందుకొచ్చాడు.

"నేను తీస్కొస్త సార్. మీరు జర గట్టిగ చెప్పుండ్రి. దోస్తానా మంచిగ లేదు, ఇంట్ల చెప్తే ఇంటలేదు."