కొర్రమీనుకు వేసిన గాలం

“గాలం పైకి తియ్యి,” అంది సారలమ్మ.

గోదావరి మడుగు ఒడ్డున మూడు రోజులుగా కూర్చుంటున్న కొత్త మనిషి నవ్వాడు. “హైదరాబాద్ నుంచి వచ్చానమ్మా. ఇక్కడ కొర్రమీను బాగా పడుతుందట.”

“తియ్యమన్ననా.”

తీశాడు. కొక్కేనికి గోధుమపిండి ముద్ద ఉంది.

“కొర్రమీను పిండికి పడది సారూ. కప్పపిల్లను గుచ్చాలె. నువ్వు చేపలకు రాలే. మా దర్వాజ కనవడే కాడనే కూసుంటున్నవ్. మఫ్టీల వచ్చిన పోలీసువు.”

అతని నవ్వు పోయింది. “నీ కొడుకు రఘుపతి అడవి నుంచి ఇంటికెప్పుడొస్తాడో చెప్పు. మాకూ ఈ ఎండ తప్పుతుంది.”

“మన్ను వొయ్య నీ...”

తిట్టు సగంలోనే ఆగిపోయింది. కొడుకు కబురు తెలియక ఆరు నెలలు. పేపర్లో ఎదురుకాల్పులని పడ్డప్పుడల్లా ఎవరితోనో పేర్లు చదివించుకుంటుంది. పేరు లేకపోయినా వాడు పోయాడనే ఏడుస్తుంది.

పోయినవాడి కోసం ఎవరైనా ఇంత ఎండలో కాపలా కాస్తారా?

సారలమ్మ తడిగడ్డిలోకి వంగి ఒక కప్పపిల్లను పట్టి అతని ముందు పడేసింది.

“ఇగో, గుచ్చు. రేపు గూడ రావాలె. ఎల్లుండి గూడ,” అంది కోపంగానే. “నువ్వు రానినాడు నాకు బుక్కెడు బువ్వ దిగది.”