అత్త ముంతలో ఇరవై పైసలు

మేనత్త ఇంట్లో దొంగతనానికి వెళ్ళిన ప్రతిసారీ సురేశ్ బండికి రెండు ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు కట్టుకుని వెళ్ళేవాడు. ఊరికే వెళ్తే అనుమానం వస్తుంది. మర్రిగూడలో బోరు నీళ్ళు ఎవరూ నోట పెట్టరు. మంచినీళ్ళు తెచ్చిన మనిషిని దొంగ అని ఎవరనుకుంటారు?

అత్త నర్సింగమ్మ దేవుని గూట్లో ఇత్తడి ముంత ఒకటుంది. దాని నిండా పాత చిల్లర. లక్ష్మి పోతుందని ఆమె దాన్ని ఖాళీ చెయ్యదు. అందులో తామరపువ్వు గుర్తున్న ఇరవై పైసల బిళ్ళలున్నాయి. వాటికి పెద్ద ధరేమీ లేదు. కానీ పట్నంలో బిళ్ళలకు మార్కులు వేసే కంపెనీ ఉంది. పంపితే భూతద్దంలో చూసి, డెబ్బైకి ఇన్నని వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తారు.

"అరవై ఏడు మార్కుల బిళ్ళ ఒక్కటి పట్టుకరా. నీకు కన్నుందని నమ్ముత, నా దుకాణంల పనికి పెట్టుకుంట" అన్నాడు పట్నంలో నాణేలమ్మే సేటు.

చండూరులో సెల్‌ఫోన్ కవర్లు అమ్మి విసిగిపోయిన సురేశ్‌కు ఆ మాటే పట్టుకుంది. ఇప్పటిదాకా పంపిన ఏ బిళ్ళా అరవై ఐదు దాటలేదు.

పద్ధతి సులువే. అత్త లోపలికి పోగానే మెరిసే బిళ్ళ తియ్యాలి, అరిగిన బిళ్ళ వెయ్యాలి. ముంత తరగదు. చిత్రం ఏమిటంటే, వెళ్ళినప్పుడల్లా ఒక మంచి బిళ్ళ దొరికేది. చనిపోయిన మామ ఎన్ని దాచిపెట్టాడో అనుకునేవాడు.

ఆ గురువారం క్యాన్లు దించేసరికి అత్త వాకిట్లో కూర్చుని చింతపండు పిసుకుతోంది. పక్కనే ముంత.

"ఏంది అత్తా గది?"

"రేపు శుక్రవారం గద బిడ్డా. ముంతల బిళ్ళలు తోముదామని."

తోమిన బిళ్ళకు కంపెనీవాళ్ళు మార్కు వెయ్యరు. తోమారని రాసి వెనక్కి పంపేస్తారు. సురేశ్ ముంతలోకి తొంగి చూశాడు. పైనే ఉంది. ఒక్క గీత లేదు. అరవై ఏడంటే ఇదే!

"నువ్వు లే అత్తా. నడుం నొస్తాందంటివి గద. నేను తోముత."

"మొగపోరనివి, నీకెందుకురా గీ పని?"

"నేను తోమితే లక్ష్మి అలుగుతదా ఏంది?"

"అలగది గని, చింతపండు మస్తు నానింది. గట్లనే గా రెండు బిందెలు, గంగాళం గూడ తోము."

ఆమె చాయ్ పెట్టడానికి లేవగానే బిళ్ళ గుడ్డలో చుట్టుకుని జేబులోకి పోయింది. తర్వాత సురేశ్ తోమాడు, తోమాడు. మోచేతుల దాకా పులుపు. గంగాళంలో తన మొహం కనిపించింది.

"పొయ్యేముందు గా కందుల మూట అటుక మీద పెట్టిపో బిడ్డా."

పెట్టాడు. బండెక్కి, ఈల వేసుకుంటూ మూల తిరిగాడు.

పక్కింటి మల్లిక గోడ మీంచి తొంగిచూసింది. "కన్నకొడుకు గూడ గింత చెయ్యడు పెద్దమ్మా! ఏం మందు పెట్టినవే నీ అల్లునికి?"

నర్సింగమ్మ బొడ్లో దోపుకున్న సంచి తీసింది. అందులోంచి తళతళలాడే ఇరవై పైసల బిళ్ళ ఒకటి ఏరి, ముంతలో అన్నిటికన్నా పైన పెట్టింది.

"గిసుంటియి అంగట్ల కుప్పలు పోసి అమ్ముతున్నరు మల్లికా. నీళ్ళ క్యాన్లు తెచ్చే ఆటో కిరాయి కన్న మా దొంగే అగ్గువ."