కాశీలో వదిలిన చేప

“వంజరమా, పండుగప్పా, చందువానా? తొందరగా చెప్పు బావా! ఏ చేపకెళ్లాలో పడవాయనకి ఇవాళే చెప్పాలి.” ఉప్పాడ నుంచి స్పీకర్ ఫోన్లో బావమరిది సుబ్రహ్మణ్యం అరుస్తున్నాడు.

నాచారం మందుల కంపెనీలో ఫస్ట్ షిఫ్ట్ చేసి అప్పుడే ఉప్పల్ ఇంటికొచ్చిన దయాకర్ భుజం మీద బ్యాగు కూడా దింపలేదు. ఎన్నాళ్లకో నాలుగు రోజులు సెలవు దొరికింది. సముద్రంలోకి పోయి, చేతులారా చేప పట్టి, ఒడ్డునే వండుకు తినాలని బావమరిది ప్లాను.

“ధనా, నువ్వే చెప్పు. నీ ఊరు, నీ సముద్రం.”

“నాకేం వద్దండీ,” బట్టలు సర్దుతూ అంది ధనశ్రీ. “గంగలో మునిగి చేపలు వదిలేసిన మొగుడి ముందు కూర్చుని పులుసు జుర్రుకోనా? కళ్లు పోతాయి.”

దయాకర్‌కు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

కాశీకి పోతే ఇష్టమైనదొకటి వదిలెయ్యాలి కదా. పెళ్లయిన ఏడాదికి, భార్య పోరు పడలేక వెళ్లినప్పుడు, పక్కవాళ్లంతా కాకరకాయో పొట్లకాయో వదులుతుంటే ఇతను “చేపలు” అన్నాడు. పంతులుగారు కూడా మెచ్చుకున్నారు. ఏం త్యాగం, నా మొహం! ఘట్‌కేసర్‌లో మటన్ తిని పెరిగిన ఈ మహానుభావుడికి సముద్రపు చేప వాసనొస్తేనే కడుపులో తిప్పుతుంది. కొత్త పెళ్లాం ప్రేమగా వండిందని “మస్తుంది” అంటూ ఏడాదిపాటు మింగాడు. ఆ మాట పుణ్యమా అని వారానికి మూడుసార్లు పులుసే. చివరికి గంగమ్మ మీద పెట్టి తప్పించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో చేప ముక్క లేదు. చేప లేనిదే ముద్ద దిగని ఉప్పాడ పిల్ల మూడేళ్లుగా పప్పుతో సరిపెట్టుకుంటోంది. అది తలుచుకున్నప్పుడల్లా అతని ప్రాణం చివుక్కుమంటుంది.

“నా ముందట తిను. నేనేమనుకోను.”

“మీకు నోరూరి మాట తప్పితే? ఆ పాపం నాకెందుకు? అన్నయ్యా, మాకు సాంబారు చాలు!”

“సముద్రం దాకా వచ్చి సాంబారేంటే!” సుబ్రహ్మణ్యం లబలబలాడాడు.

దయాకర్ ఇక తట్టుకోలేక ఫోన్ కట్ చేశాడు.

“ధనా, జర ఇను. తప్పు జేసిన. నాకు సముద్రం చేప మొదటిసంది పడదు. నీ మనసు నొస్తదని చెప్పలే. దేవుని పేరు జెప్పి తప్పించుకున్న. నా అబద్ధానికి నువ్వు మూడేండ్లు నోరు కట్టుకుంటివి. తిట్టు, కొట్టు, గని చేప తిను.” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ధనశ్రీ చేతిలోని చొక్కా పక్కన పెట్టి అతన్ని జాలిగా చూసింది.

“తెలిసే కదండీ, మిమ్మల్ని కాశీకి లాక్కెళ్లింది!”