నీళ్ల బరువు

బరువు మిషను నిన్నటికంటే ఎక్కువ అంకె చూపించింది.

టైలరమ్మ దిగి, చెప్పులు విడిచి మళ్లీ ఎక్కింది. మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి పక్కన పెట్టింది. ఆఖరికి కళ్లజోడు కూడా తీసింది. అంకె కనబడక మళ్లీ పెట్టుకుంది. మిషను మాత్రం పట్టిన పట్టు వదల్లేదు.

“నీళ్లమ్మా అది. రెండ్రోజుల్లో అదే పోతుంది,” అన్నాడు పక్క బెంచీ మీది పెద్దాయన.

ఈయనొకడు. పుండు మీద కారం చల్లడానికే పొద్దున్నే లేచి వస్తాడు.

ఆ బరువు మిషను ఉన్నది ఆసుపత్రిలో, డయాలిసిస్ వార్డు గుమ్మం ముందు. లోపల ఆమె తమ్ముడు మంచం మీద ఉన్నాడు. కిడ్నీలు రెండూ పాడైపోయి, వారంలో సగం రోజులు రక్తం శుభ్రం చేయించుకోవడంతోనే సరిపోతోంది. అక్క కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. అయితే డాక్టరు ఒక మెలిక పెట్టాడు. ఆమె బరువు తగ్గితేనే ఆపరేషను, లేకపోతే ఆమెకే ప్రమాదమన్నాడు. ఫలానా తేదీకి ఇంత ఉండాలని గీత గీశాడు.

ఆ రోజు నుంచి టైలరమ్మ తీపి మానేసింది, రాత్రి భోజనం మానేసింది. కుట్టుమిషను ముందు నుంచి కదలని మనిషి తెల్లారకుండానే నడకకు బయలుదేరేది. బట్టలు వదులైతే తన బట్టలకు తానే కుట్లు బిగించుకుంది. టేపు తగ్గావంటుంది, మిషను పెరిగావంటుంది. ఒకరోజు కరుణిస్తే మర్నాడు కసి తీర్చుకుంటుంది. దాన్ని ఎత్తి కిటికీలోంచి పారేయాలన్నంత కోపం వచ్చేది.

వార్డులో రోగులకూ అదే మిషను. లోపలికి వెళ్లేముందు ఒకసారి ఎక్కుతారు, ఒంట్లో చేరిన నీరు తీయించుకుని వచ్చాక ఇంకోసారి ఎక్కుతారు. పూట తిరక్కుండానే కిలోలు తగ్గిపోతారు. అది జబ్బని తెలిసీ ఆమెకు కడుపు మండేది. వెంటనే సిగ్గూ వేసేది.

పెద్దాయన కూడా ఆ రోగుల్లో ఒకడే అనుకుంది. ఎప్పుడొచ్చినా ఆ బెంచీ మీదే ఉంటాడు, అడగని సలహాలిస్తాడు. రోజూ ఎక్కొద్దంటాడు, వారానికోసారి చూసుకోమంటాడు. ఉప్పు తిన్నా పెరుగుతుందట, నిద్ర చాలకపోయినా పెరుగుతుందట. ఏ మాటెత్తినా చివరికి నీళ్లంటాడు. ఆమె మనసులో ఆయనకు నీళ్లాయన అని పేరు పెట్టుకుంది.

“అక్కా, ఆ మిషనుకి కాళ్లుంటే నిన్ను చూసి పారిపోయేది,” అని తమ్ముడు నవ్వేవాడు. ఈమధ్య ఆ జోకు పూర్తి చేయడానికే ఆయాసపడుతున్నాడు. అది చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం చివుక్కుమనేది.

తేదీ మీద పడింది. ఇంకా రెండు కిలోలు మొండికేసి కూర్చున్నాయి.

అప్పుడు తట్టింది టైలరమ్మకు. ఆయన చెప్పిందే నిజమై అదంతా నీళ్లే అయితే, నీళ్లు తాగడమే మానేస్తే పీడా పోతుంది కదా.

మానేసింది.

తేదీ నాటి పొద్దున ఎండిన పెదాలతో గోడ పట్టుకుని వచ్చిన ఆమెను చూసి, పెద్దాయన గబగబా లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

“తాగమ్మా. తాగి, ఇంకో వారం గడువడుగు. ఇస్తారు.”

“మీ పని మీరు చూసుకోండి.”

“నా మాట విను తల్లీ. అంకె కోసం ఒళ్లు ఎండబెట్టుకోకు.”

ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

“మీకేమండీ, ఎవరో ఒకరు కడుపు మాడ్చుకుని మీకు కిడ్నీ ఇస్తారు. మీరు బెంచీ మీద కూర్చుని నీతులు చెబుతారు. ఇచ్చేవాళ్ల అవస్థ మీకేం తెలుసు?”

పెద్దాయన గ్లాసు బెంచీ మీద పెట్టి మెల్లగా వరండా చివరికి నడిచాడు.

ఆమె మిషను ఎక్కింది. డాక్టరు చెప్పిన అంకెకు ఒక పిసరు తక్కువే చూపించింది. ఇన్నాళ్లకు దాని పొగరు అణిచానని ఆమె పొంగిపోయింది.

మధ్యాహ్నం రక్తపరీక్ష కాగితాలు చూసి డాక్టరు తల పట్టుకున్నాడు. నీళ్లు లేక ఆమె కిడ్నీలే దెబ్బతిన్నాయి.

“రెండు కిలోలు ఎక్కువుంటే ఓ వారం ఆగేవాళ్లం,” అని కసురుకున్నాడు. “ఇప్పుడు ముందు మీరు కోలుకోవాలి. ఎప్పటికో నేనే చెప్పలేను.”

తమ్ముడికి తనే చెప్పింది. “పర్లేదక్కా,” అని వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

బయటికొస్తే బెంచీ ఖాళీగా ఉంది. నర్సును ఆపి, ఆ పెద్దాయనది ఏ మంచమని అడిగింది. నోటికొచ్చినట్టు అన్నాను, క్షమించమని అడగాలంది.

“ఆయన రోగి కాదమ్మా. ఇక రానని పొద్దున్నే చెప్పి వెళ్లిపోయాడు.”

“మరి ఇన్నాళ్లూ ఇక్కడెందుకు కూర్చున్నాడు?”

నర్సు ఆమె ఎండిన పెదాల వైపు చూసింది.

“భార్యకు కిడ్నీ ఇవ్వాలని ఆయనా నీలాగే నీళ్లు మానేసి ఆ మిషను ఎక్కాడు, మళ్లీ ఆయన కోలుకునేదాకా ఆవిడ ప్రాణం ఆగలేదు.”