పిలక ఊడిన కాయ

"మొదటిసారి పత్రికకి పంపినప్పుడు మీ లెక్కని ఏమన్నారండీ, మేష్టారూ?" గుడికిచ్చే కొబ్బరికాయలు ఒలుస్తూ అడిగాడు సూరిబాబు.

"ఎవరికీ అర్థం కాలేదన్నారు," అన్నారు అమలాపురం కాలేజీలో లెక్కలు చెప్పే ఆంజనేయప్రసాద్ గారు. "తొమ్మిదేళ్లు కూర్చుని, ఆ నలభై పేజీల్నీ ఒక్క పేజీకి తెచ్చేను."

"మరిప్పుడేమన్నారండీ?"

ఆయన చేతిలో ఉన్న పత్రికవాళ్ల ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇంత తేలికైనదాన్ని పత్రికలో వెయ్యక్కర్లేదుట."

మాటల్లో పడి, ఒలిచిన కాయ ఒకటి తీసుకుని, మిగిలిన పీచంతా పీకేశారు.

"అయ్యో, పిలక కూడా లాగేసేరేంటండీ! ఇంక దేవుడికి పనికిరాదండి."

ఆయన చేతిలోకొచ్చిన పిలక కేసి చూసుకున్నారు.

"పోన్లెండి. ఆ పాత నలభై పేజీలే మళ్లీ పంపెయ్యండి."

ఆంజనేయప్రసాద్ గారు ఊడిన పిలకని కాయమీద పెట్టి చూశారు. నిలవలేదు.

"నిన్న తీసి చదివేను, సూరిబాబూ. నాకే అర్థం కాలేదు."